వెబ్ డెవలపర్ కావాలనుకునేవాళ్లకు ముందు బ్రౌజర్ సంగతి చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ కెరీర్ పేజీలో వెబ్ డెవలపర్ ఉద్యోగాల గురించి వచ్చే వ్యాసాలు నేను వదలకుండా చదువుతాను. నా పని అదే, పైగా ఈ పనిలోకి కొత్తగా రావాలనుకునేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఆ వ్యాసాలు పట్టుకొచ్చి ఇందులో ఏది నేర్చుకోవాలని నాలాంటివాళ్లను అడుగుతుంటారు. ఆ వ్యాసాల్లో అబద్ధాలేమీ ఉండవు, ఒక పొడవాటి జాబితా ఉంటుంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, యాంగ్యులర్, నోడ్, మాంగోడీబీ, డాకర్, క్లౌడ్, ఈమధ్య ఏఐ. అన్నీ పనికొచ్చేవే. కానీ ఏది ముందు, ఏది తర్వాత, అసలు ఏది ఎందుకు అన్నది ఎక్కడా కనపడదు, దాంతో చదివినవాళ్లకు ఆసక్తి పుట్టేలోపే టెన్షన్ పుడుతుంది. పక్కనే మూడు నెలల్లో ఫుల్‌స్టాక్ (పేజీ, సర్వర్ రెండు వైపులా పనిచేసే) డెవలపర్‌ని చేస్తామని అరచేతిలో వైకుంఠం చూపించే ప్రకటన. ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్లు నేరుగా దాని దగ్గరికే వెళ్తారు.

కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని నాకు తరచూ పడుతుంది కాబట్టి సూటిగా చెప్తాను. మేం వెతికేది ఒక్కటే: పేజీ పనిచేయనప్పుడు ఎందుకు పనిచేయడం లేదో ఈ మనిషి సొంతంగా కనుక్కోగలడా, కనుక్కోగలదా? రెజ్యూమెలో పదిహేను టెక్నాలజీల పేర్లు రాసుకుని, ఒక బటన్ నొక్కితే ఏమీ జరగకపోతే ముందు ఎక్కడ చూస్తావంటే నోరు మెదపనివాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఎవరూ లేరు, వాళ్లకు ఎవరూ చూపించలేదు, అంతే. వాళ్ల డబ్బు, కాలం ఎటో పోయాయని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ పనికి లైసెన్స్ లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనాలయంలో ఈ వెబ్ ఆలోచనను కాగితం మీద పెట్టారు, 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. ఈరోజుకీ ఏ సైట్ తెరిచినా సరే, కుడి క్లిక్ కొట్టి పేజ్ సోర్స్ చూడొచ్చు, ఎఫ్12 నొక్కితే ఆ పేజీ లోపలి వ్యవహారం చాలావరకు కళ్ల ముందుకొస్తుంది. ఇంత తెరిచిపెట్టిన వృత్తి ఇంకొకటి నాకైతే తెలియదు. నేర్చుకోవడానికి కావలసినవి ఒక కంప్యూటర్, బ్రౌజర్, ఉచితంగా దొరికే ఒక ఎడిటర్, అంతే. మీ వ్యాసాలు ఇక్కడ మొదలవ్వాలి.

పేజీలో ఏమేం ఉన్నాయో ట్యాగులనే గుర్తులతో చెప్పే హెచ్‌టీఎంఎల్ అంటే అందరికీ చిన్నచూపు. అదేముంది, ఒక్క రోజులో అయిపోతుంది అంటారు. ట్యాగుల పేర్లు ఒక్క రోజులో వచ్చేస్తాయి, నిజమే, కానీ ఏ ట్యాగ్ ఎక్కడ వాడాలో తెలియడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఒక ఉదాహరణ చెప్తాను, ఇది నేను దాదాపు ప్రతి ఇంటర్వ్యూలోనూ అడిగేదే. పేజీలో ఒక బటన్ కావాలి. కొత్తవాళ్లు చాలామంది డివ్ అనే ఉత్త పెట్టె ట్యాగ్ ఒకటి పెట్టి, దానికి రంగు వేసి, క్లిక్ చేస్తే ఏదో జరిగేలా జావాస్క్రిప్ట్ రాస్తారు. చూడ్డానికి అచ్చం బటన్‌లాగే ఉంటుంది, మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది కూడా. ఇప్పుడు మౌస్ పక్కన పెట్టి కీబోర్డు ఒక్కదానితో వాడి చూడమనండి. ట్యాబ్ నొక్కుతూ వెళ్తే ఆ డివ్ దగ్గర ఆగదు, ఎంటర్ కొడితే పలకదు, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు అది బటన్ అనే తెలియదు. అదే అసలైన బటన్ ట్యాగ్ పెట్టి ఉంటే ఇవన్నీ బ్రౌజరే ఉచితంగా చేసిపెట్టేది. ఫారంలో ప్రతి పెట్టెకూ లేబుల్ ట్యాగ్ జోడించడం కూడా ఇలాంటిదే. జోడిస్తే ఆ పదం మీద నొక్కినా పెట్టెలోకి కర్సర్ వెళ్తుంది, వేలితో చిన్న పెట్టెను గురిచూసి నొక్కలేని పెద్దవాళ్లకు అది ఎంత సాయమో! ఈ విషయాలకు ప్రామాణిక నియమాలు 1999 నుంచే ఉన్నాయి. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని కూడా వాటి ఇప్పటి రూపంలో రాసి ఉంది. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి పేజీ మీద పెట్టి అందంగా ఉందని మురిసిపోయేవాళ్లకు ముందు ఈ లెక్క చూపించాలి.

పేజీ రంగులు, అమరిక చెప్పే సీఎస్‌ఎస్‌లో చాలామంది గుడ్డిగా అంకెలు మారుస్తూ పోతారు. ప్రతి వస్తువు చుట్టూ అంచు, ఖాళీ లెక్కపెట్టే బాక్స్ మోడల్ అంటే ఏమిటి, ఒకే వస్తువుకు రెండు చోట్ల రెండు రంగులు చెప్తే ఏది గెలుస్తుంది, ఒక వరుసలో అమర్చే ఫ్లెక్స్‌బాక్స్ ఎప్పుడు, అడ్డంగా నిలువుగా గళ్లలో అమర్చే గ్రిడ్ ఎప్పుడు, ఈ నాలుగూ కుదురుగా అర్థమైతే మిగతాది చూసుకుని రాసుకోవచ్చు. గ్రిడ్ 2017లో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చాక పేజీని అమర్చడం చాలా తేలికైపోయింది, పాత పాఠాల్లో ఉండే ఫ్లోట్ (వస్తువును ఒక పక్కకు జరిపే పద్ధతి) తంటాలు పేజీ మొత్తం అమర్చడానికి ఇప్పుడు అక్కర్లేదు. పేజీని ముందు ఫోన్ వెడల్పులో సరిచూసి, తర్వాత పెద్ద తెరకు విస్తరించమని చెప్పండి.

ఇక పేజీలో పనులు జరిపించే భాష, జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ దీని మొదటి రూపాన్ని పది రోజుల్లో రాశారు, ఆ తొందర గుర్తులు భాషలో ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. నెలలను 0 నుంచి లెక్కపెడుతుంది, అంటే జనవరి 0, డిసెంబర్ 11. ఫారంలో ఎవరైనా 2 అని టైప్ చేస్తే అది మన చేతికి అంకెగా రాదు, అక్షరంగా వస్తుంది, అందుకే రెండు పెట్టెల్లోని రెండు 2లను కూడితే 4 బదులు 22 వస్తుంది. 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. అది చాలా భాషల్లో ఉన్నదే, కాబట్టి డబ్బు లెక్కలు దశాంశాల్లో ఉంచకుండా అతి చిన్న నాణెం లెక్కలో పూర్ణాంకాలుగా దాచుకోవాలి. ఇవి చదివి భయపడాల్సిన పనిలేదు. ఇలాంటివి ఒక్కొక్కటీ తన కోడ్‌లో ఎదురై, ఎందుకిలా అని ఒక పూట కూర్చుని తేల్చుకున్నవాళ్లకు ఆ జ్ఞానం జీవితాంతం ఉంటుంది. వీడియోలో ఎవరో చెప్తే విన్నవాళ్లకు వారం ఉంటుంది.

ఎర్రర్ మెసేజ్ చదవడం అనే చిన్న అలవాటు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎఫ్12 నొక్కితే వచ్చే కన్సోల్‌లో ఎర్రగా ఏదో రాగానే చాలామంది దాన్ని చదవరు, మూసేస్తారు లేదా కాపీ చేసి ఎక్కడో అతికించి జవాబు తెచ్చుకుంటారు. ‘కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్’ అన్న మాటలో సమస్య మొత్తం ఉంది: ఏదో ఒక వస్తువు ఉందనుకుని దాని లోపలి వివరం అడిగావు, తీరా చూస్తే ఆ వస్తువే లేదు. పక్కనే ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. ఆ లైన్ దగ్గర ఆపి, అక్కడ ఏ వస్తువు లేదో చూసి, అది ఎక్కడి నుంచి రావాలో వెనక్కి నడుచుకుంటూ వెళ్తే కారణం దొరుకుతుంది. మా పనిలో సగం ఇదే.

ఈ ఓనమాలు రాకుండా రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్‌తో, అంటే జావాస్క్రిప్ట్ మీద కట్టిన రెడీమేడ్ చట్రంతో, మొదలుపెట్టడం నేల విడిచి సాము చేయడమే. రియాక్ట్ వద్దని నేను అనడం లేదు, ఉద్యోగ ప్రకటనల్లో చాలా చోట్ల అదే అడుగుతున్నారు, నేర్చుకోవాల్సిందే. కాకపోతే కాలక్రమం ఒకసారి చూడండి. 2006లో జేక్వెరీ వచ్చింది, 2010లో యాంగ్యులర్‌జేఎస్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూజేఎస్. 2016లో వచ్చిన కొత్త యాంగ్యులర్ పేరుకు పాతదే కానీ మళ్లీ మొదటి నుంచి రాసింది, 2021 ముగిసేసరికి పాత యాంగ్యులర్‌జేఎస్‌కు మద్దతే ఆపేశారు. అది ఒక్కటే తెలిసినవాళ్లు అప్పుడు నానా తంటాలు పడ్డారు, కింద ఉన్న జావాస్క్రిప్ట్ గట్టిగా వచ్చినవాళ్లు కొద్ది వారాల్లో ఇంకోదానికి మారిపోయారు. ఫ్రేమ్‌వర్క్ ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు నేనిచ్చే గుర్తు ఒకటుంది. మామూలు జావాస్క్రిప్ట్‌తో ఒక చిన్న అప్లికేషన్ రాస్తూ, డేటా మారిన ప్రతిసారీ పేజీలో అయిదు చోట్ల చేత్తో మార్చాల్సి వచ్చి విసుగెత్తిన రోజున మొదలుపెట్టండి. రియాక్ట్ ఏ బాధకు మందో అప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే పేజీ వచ్చేదాకా ఏం జరుగుతుంది? ఈ ప్రశ్న ఇంటర్వ్యూల్లో ఎప్పటినుంచో అడుగుతున్నారు, అడగడం సబబే. పేరును బట్టి సర్వర్ (పేజీని పంపే కంప్యూటర్) నంబర్ వెతికే డీఎన్‌ఎస్, ఆ సర్వర్‌తో సురక్షితమైన కనెక్షన్, రిక్వెస్ట్ వెళ్లడం, జవాబు రావడం, వచ్చిన హెచ్‌టీఎంఎల్ చదువుతూ బ్రౌజర్ మళ్లీ బొమ్మలకూ స్టైళ్లకూ వేరే రిక్వెస్టులు పంపడం, ఇదంతా ఎఫ్12 నొక్కితే వచ్చే డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో వరుసగా కనిపిస్తుంది. 200 అంటే సరే, 301 అంటే చిరునామా శాశ్వతంగా మారింది, 404 అంటే అడిగింది అక్కడ లేదు, 500 అంటే సర్వర్ లోపలే ఏదో తిరగబడింది. 401కీ 403కీ తేడా చెప్పగలిగితే నాకు సంతోషం: మొదటిది నువ్వెవరో ముందు చెప్పు అనడం, రెండోది నువ్వెవరో తెలుసు కానీ నీకిక్కడ ప్రవేశం లేదు అనడం.

అందరూ ఏదో ఒక రోజు ఢీకొనే గోడ ఇంకొకటుంది, కార్స్ (CORS) ఎర్రర్. ఒక చిరునామాలోని పేజీ ఇంకో చిరునామా నుంచి డేటా అడిగితే, ఆ రెండో సర్వర్ ఒప్పుకున్నట్టు హెడర్ (జవాబుతో వచ్చే చిన్న సూచన) పంపకపోతే, వచ్చిన జవాబును బ్రౌజరే పేజీకి చూపించకుండా ఆపేస్తుంది. అందుకే అదే రిక్వెస్ట్ కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసే తెర) నుంచి చక్కగా పనిచేస్తుంది, బ్రౌజర్‌లో పనిచేయదు. దీనికి మందు సర్వర్ వైపు ఉంటుంది. బ్రౌజర్‌లో ఏదో ఎక్స్‌టెన్షన్ వేసి ఆ కాపలా తీసేయమని చెప్పే సలహాలు నమ్మకండి, మన కంప్యూటర్‌లో సరిపోయినట్టు కనపడుతుంది, వాడేవాళ్ల కంప్యూటర్లలో అలాగే విరిగి ఉంటుంది.

బ్యాకెండ్‌కు, అంటే సర్వర్ వైపు పనికి, ఏ భాష అన్నది పెద్ద చర్చ చేయకండి. 2009లో వచ్చిన నోడ్‌తో అయితే అదే జావాస్క్రిప్ట్ సర్వర్ మీద కూడా నడుస్తుంది కాబట్టి ఒక భాషతో సరిపోతుంది. పీహెచ్‌పీ అనే ఇంకో సర్వర్ భాషను ఎగతాళి చేయడం కొందరికి సరదా, కానీ సైట్లు తయారుచేసుకోవడానికి 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ దాని మీదే నడుస్తోంది, ఆ పని చేసుకుంటూ హాయిగా బతుకుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఏ భాషైనా డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్ మాత్రం తప్పదు. దానితోపాటే మొదటి రోజు నుంచే భద్రత అలవాటు కావాలి. వాడేవాళ్లు టైప్ చేసినదాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకూడదు, విలువలను విడిగా పంపే పద్ధతి వాడాలి. పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్టు దాచకూడదు, బీక్రిప్ట్ లాంటి పద్ధతిలో హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి) దాచాలి. రహస్యమైన కీ ఒకటి పొరపాటున గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనంలో) కమిట్ చేసి, అంటే నమోదు చేసి, పబ్లిక్‌లో పెడితే, తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుంది. ఆ కీనే రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. ఇతరుల సమాచారం మన చేతిలో పెట్టారు కదా, దాన్ని కాపాడటం మర్యాద.

ప్రాజెక్టుల విషయానికొస్తాను, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. టూ-డూ లిస్ట్, వాతావరణం చూపించే యాప్, పేరున్న ఏదో సైట్‌కు నకలు. వందల పోర్ట్‌ఫోలియోల్లో ఈ మూడే ఉంటాయి, అవి చేసినవాళ్లు తప్ప ఇంకొకరు వాడింది ఉండదు. వాటి బదులు నిజంగా ఒక మనిషికి పనికొచ్చేది ఒక్కటి చేయమనండి. తెలిసినవాళ్లు నడిపే చిన్న గ్రంథాలయానికి ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసుకునే పేజీ కావచ్చు, ఆటల జట్టుకు మ్యాచ్‌ల పట్టిక కావచ్చు. చిన్నదే, కానీ వేరేవాళ్లు వాడటం మొదలుపెట్టాక అది నేర్పే పాఠాలు ఏ కోర్సులోనూ ఉండవు. ఒకాయన సేవ్ బటన్ రెండుసార్లు నొక్కుతారు, ఒకే పుస్తకం రెండుసార్లు నమోదవుతుంది, అప్పుడు బటన్‌ను కాసేపు ఆపడమే కాక సర్వర్ వైపు కూడా చూసుకోవాలని తెలుస్తుంది. ఇంకొకరు కెమెరాలో తీసిన 5 ఎంబీ ఫొటో అలాగే ఎక్కిస్తారు, నెట్ సరిగా లేనివాళ్లకు పేజీ తెరుచుకోదు, బొమ్మను కనిపించే సైజుకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మారిస్తే ఎంత తేడా వస్తుందో అప్పుడు కళ్లారా చూస్తారు. వేరే దేశంలో ఉన్నవాళ్లకు తేదీ ఒక రోజు వెనక్కి కనపడుతుంది, ఎందుకంటే రోజు మాత్రమే రాసిన తేదీని జావాస్క్రిప్ట్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయంగా తీసుకుంటుంది. డేటా పోయిందని ఒకరు కంగారుగా ఫోన్ చేస్తారు, బ్యాకప్ అన్న మాటకు అర్థం ఆ రోజు తెలుస్తుంది. ఇలాంటి ఒక్క ప్రాజెక్టు కొన్ని నెలలు నడిపినవాళ్లు నా ముందు కూర్చుంటే ఇంటర్వ్యూ మాటామంతీగా మారిపోతుంది, ఏం విరిగింది, ఎలా కనుక్కున్నారు, ఏం మార్చారు అని అడుగుతూ పోతే గంట తెలియకుండా గడిచిపోతుంది.

ఆ ప్రాజెక్టును నెట్‌లో నడుస్తూ ఉంచాలి, కోడ్ అందరూ చూడగలిగే గిట్‌హబ్ సైట్‌లో పెట్టాలి, ఏమిటిది, ఎవరి కోసం, ఎలా నడపాలి అని ఒక పేజీ రాయాలి. కమిట్లు చిన్న చిన్నవిగా, ఏం మార్చారో అర్థమయ్యే మాటలతో ఉంటే చాలు, మనిషి పని తీరు తెలిసిపోతుంది.

ఏఐ గురించి అందరికీ ఉన్న భయం నాకు తెలుసు. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి, ఇక వెబ్ డెవలపర్లు ఎందుకు, పిల్లల్ని ఇందులో చేర్చాలా వద్దా అని అమ్మానాన్నలు అడుగుతున్నారు. మామూలు పేజీ ఒకటి అది నిమిషాల్లో రాసిచ్చేస్తుంది, నిజం. మొదటి ఉద్యోగం దొరకడం మునుపటంత తేలిక కాదన్నది కూడా నిజం, దాన్ని దాచి పిల్లల్ని ఆశపెట్టడం నాకిష్టం లేదు. అయితే అది రాసిచ్చినదాంట్లో తప్పు ఎక్కడుందో, పైన చెప్పిన డివ్ బటన్ లాంటివి ఎక్కడ దూరాయో చూసి పట్టుకునే మనిషి అవసరం ఇప్పుడు పెరిగింది. వాడుకోండి, కానీ ఒక నియమం పెట్టుకోండి: ఒక లైన్ ఎందుకుందో ఎదుటివాళ్లకు చెప్పలేకపోతే ఆ లైన్ మీ ప్రాజెక్టులో పెట్టకండి. రాసిపెట్టు అని అడిగే బదులు నేను రాసినదాంట్లో తప్పేమిటి, ఎందుకిలా అయింది అని అడిగితే అది మంచి గురువులా కూడా పనికొస్తుంది, దాని జవాబు నిజమో కాదో మళ్లీ బ్రౌజర్‌లో సరిచూసుకోవాలి అంతే.

ఎన్ని నెలలు పడుతుంది అన్నదానికి ప్రకటనల్లోని అంకె నమ్మకండి. రోజూ రెండు మూడు గంటలు కూర్చోగలిగితే మొదటి ఉద్యోగానికి తగ్గ పట్టు రావడానికి ఏడాది అనుకుని మొదలుపెట్టమని నేను చెప్తాను, ముందే వస్తే సంతోషం. డబ్బు కట్టే ముందు ఆ సంస్థను ఒక్కటే అడగండి: మీ దగ్గర చదివినవాళ్లు సొంతంగా చేసినవి, ఇప్పుడు నడుస్తున్నవి, నాలుగు చూపించండి అని. చూపించలేకపోతే ఉద్యోగం గ్యారంటీ అన్న మాట పట్టించుకోకండి. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం ఇప్పిస్తామనేవాళ్లను దగ్గరికే రానివ్వకండి. అది మోసం, పైగా మొదటి వారంలోనే పనిలో బయటపడిపోతుంది. డబ్బు లేనివాళ్లకు దారులున్నాయి. మొజిల్లా మొదలుపెట్టిన ఎండీఎన్ సైట్‌లో హెచ్‌టీఎంఎల్ నుంచి అన్నీ వివరంగా ఉన్నాయి, మేం కూడా రోజూ తెరిచేది అదే. ఫ్రీకోడ్‌క్యాంప్, ది ఆడిన్ ప్రాజెక్ట్ రెండూ మొదటి నుంచి చివరిదాకా ఉచితమే. ఒకదాన్ని ఎంచుకుని పూర్తి చేయాలి, మూడింటి మధ్య తిరుగుతూ ఉండకూడదు.

ఉద్యోగ ప్రకటనలో అడిగినవన్నీ రాకపోతే అప్లై చేయని పిల్లలు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా అమ్మాయిలు. సగం వచ్చినా అప్లై చేయండి, ఆ జాబితా కంపెనీ కోరికలన్నీ కలిపి రాసినది. ఇంటర్వ్యూలో తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, ఎలా తెలుసుకుంటారో చెప్పండి, ఆ రెండో మాటకే మేం మార్కులు వేసేది. టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో మొదటి అవకాశం వస్తే చిన్నతనం అనుకోవద్దు, పేజీలు ఎన్ని రకాలుగా విరుగుతాయో అక్కడ తెలిసినంత ఇంకెక్కడా తెలియదు.

సంపాదకుల వారికి నా విన్నపం ఇది. ఈ విషయం మీద మళ్లీ వ్యాసం వేసేటప్పుడు టెక్నాలజీల జాబితాతో పాటు ఒక చిన్న అభ్యాసం కూడా ఇవ్వండి. మూడు పెట్టెలు, ఒక బటన్ ఉన్న ఫారం రాసి, మౌస్ ముట్టుకోకుండా నింపి చూడమనండి. నెట్ వేగం తగ్గించి మళ్లీ చూడమనండి, డెవలపర్ టూల్స్‌లో ఆ సౌకర్యం ఉంది. విరిగినచోట ఎర్రర్ చదివి కారణం నాలుగు వాక్యాల్లో రాయమనండి. వారం వారం ఇలాంటిది ఒకటి మీరు అచ్చు వేస్తానంటే తయారుచేసి పంపడానికి నేను సిద్ధం, పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులు కూడా రాస్తాను, దానికి నాకు పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒక వెబ్ డెవలపర్